గృహారోగ్యము: ముదిమియు కిరణచికిత్సయు



ఈ శీర్షిక క్రింద మేము సామాన్యముగా పసిపిల్లల పోషణమును గూర్చియు, ఋతువులకు తగిన యాహారమును గూర్చియు వ్రాయుచుందుము. ఈ మాసము మాత్రము మా యింట జరిగిన యొక పొరపాటును చెప్పుకొని, దానివలన మేము నేర్చుకొన్న దానిని మీ ముందుంచ దలచితిమి. పొరపాటు మాదే. చెప్పుకొనుటకు సిగ్గుగానే యున్నది. కాని యిట్టి పొరపాటే మఱియొక యింట జరిగినచో నొక ముసలిప్రాణము పోవచ్చును. ప్రాణముకంటె సిగ్గు గొప్పది కాదు గదా!

మా యత్తగారికి 71 యేండ్లు. గర్భాశయముఖమున క్యాన్సరు కలదని వైద్యులు నిర్ణయించి, నగరమున కిరణచికిత్స చేయించుమనిరి. వారమునకు 5 దినముల చొప్పున 5 వారములు, మొత్తము 25 పర్యాయములు, పొత్తికడుపునకు కిరణములు పెట్టిరి. పిమ్మట లోపలినుండి మఱికొన్ని పర్యాయములు పెట్టిరి. మా వారు బడికి సెలవు పెట్టి తల్లివెంట నుండిరి. అల్లవరము చేరునాటికి ఆమె చిక్కి సగమైనను, వ్యాధి తగ్గుముఖము పట్టినదన్న మాట మాకందఱకు ఊరట గలిగించెను.

ఆమె వచ్చిన మఱునాడే ఇరుగుపొరుగు అమ్మలక్కలు పరామర్శకు వచ్చిరి. మన వైపున కిరణచికిత్సను ‘కరెంటు పెట్టించుకొనుట’ యందురని మీ రెఱుగుదురు. "కరెంటు పెట్టించుకొన్న మనిషి, పసివాళ్లను దగ్గఱికి రానీయకండి, ఆ వేడి వాళ్లకు తగులుతుంది" అని వారిలో నొకామె హెచ్చరించినది. ఆమెకు మా పిల్లలమీద గల ప్రేమయే అట్లనిపించినది, దురుద్దేశ మేమియు లేదు. మా యత్తగారు ఆ మాట విన్నారు. ఆ రాత్రి మమ్ము పిలిచి, "అమ్మాయీ, నా కంచం, చెంబు వేరే పెట్టు. పిల్లలను నా పక్కలో పడుకోనీయకు" అనిరి. పురాణములు చదివితిమని పేరే గాని, ఆమె మాట తప్పని చెప్పుటకు తగిన తెలివి అప్పుడు మాకు లేకపోయెను. ఆమె కంచము వేఱు పెట్టితిమి. పుట్టిననాటినుండి నాయనమ్మ ప్రక్కలో నిద్రించిన మా చిన్నవాడు ఆమె గది గుమ్మమున నిలిచి చూచిపోవుచుండెను. ఇది మా మొదటి తప్పు.

మూడవ వారమున ఆమె అన్నము వద్దనుట మొదలుపెట్టిరి. పగలెల్ల మగతగా పడియుండి, పిల్లవానిని ఎప్పుడో కాలము చేసిన మఱదిగారి పేరుతో పిలిచిరి. నుదురు తాకి చూచితిమి, వెచ్చగా లేదు. జ్వరము లేదు గావున ముసలితనపు చాదస్తమే యని ఊరకుంటిమి. ఆ సాయంత్రము ఊరిలో మందులిచ్చు నొకరు వచ్చి, బలమునకని యొక సూది వేసి పోయిరి. మూడవనాడు ఆమె మంచము దిగలేకపోగా అమలాపురము తీసికొనిపోయితిమి. నెత్తురులో తెల్లకణములు మిక్కిలి తక్కువగా నున్నవని, మూత్రమార్గమున పుట్టిన దోషము నెత్తురున కెక్కినదని అక్కడి వైద్యురాలు చెప్పెను. "ఒంట జ్వరము లేదండీ" అంటిమి. "జ్వరము తెచ్చుకొనే శక్తి అయినా ఈమెకు ఉండాలి కదమ్మా" అని యామె బదులు చెప్పెను. ఆ మాట మా మనసున నాటుకొనినది. 9 దినములు ఆసుపత్రిలో నుండి మా యత్తగారు బ్రతికి యింటికి వచ్చిరి. ఇంకొక దినము ఆలస్యమైన యెడల ఈ వ్యాసము వ్రాయు స్థితిలో మే ముండెడివారము కాము.

జ్వరము తెచ్చుకొను శక్తి యనగా నేమి? చరకసంహితలో వ్యాధిక్షమత్వమను మాట కలదు. వ్యాధి నెదిరించి నిలుచు సామర్థ్యమని దాని భావము. అన్ని శరీరముల కది సమముగా నుండదని ఆ గ్రంథమే చెప్పినది. నేటి శాస్త్రము ఆ సామర్థ్యము ఏ యవయవములలో నున్నదో, ఎట్లు తఱుగునో కనుగొనినది.

దేహమునకు ముఖ్యముగా రెండు కాపలాలు కలవు. మొదటిది ఎముకల మూలుగలో నిత్యము పుట్టుచుండు ఒక జాతి తెల్లకణములు. గాయముననో, పేగులోనో, మూత్రమార్గముననో చొరబడిన సూక్ష్మజీవులమీద ముందుగా పడునవి యివియే. వీని యాయువు కొద్ది దినములే. కావున మూలుగ ఒక వారము పనిచేయకున్నను వీని సంఖ్య పడిపోవును. పెద్దవారిలో నెత్తురు పుట్టించు మూలుగలో హెచ్చుభాగము కటియెముకలలోను వెన్నెముకలోను ఉన్నది. పొత్తికడుపునకు పెట్టిన కిరణములు ఈ మూలుగను కూడ తాకునని మాకు చికిత్సకు ముందు తెలియదు.

రెండవ కాపలా లింఫుకణములది. వీనిలో టి-కణములనునవి ఱొమ్ముటెముక వెనుకనుండు థైమస్ గ్రంథిలో శిక్షణ పొంది బయటికి వచ్చును. ఈ గ్రంథి యెందుకున్నదో చాలకాలము ఎవ్వరికి తెలియదు. 1961లో లండనున జాక్స్ మిల్లర్ అను శాస్త్రజ్ఞుడు దాని పని బయటపెట్టెను. చిత్రమేమనగా, ఈ గ్రంథి యౌవనము వచ్చినది మొదలు కృశింప నారంభించును. వార్ధక్యము వచ్చునప్పటికి అచ్చట కొవ్వు తప్ప మిగులున దల్పము.

మన కోనసీమ గృహిణులకు దీనిని విత్తనపు గాదెతో పోల్చి చెప్పవచ్చును. బాల్యమున థైమస్ యను పొలము పండి, ఇంకను ఏ వ్యాధిని ఎఱుగని క్రొత్త టి-కణములతో గాదెను నింపును. ఎప్పుడే క్రొత్త వ్యాధి వచ్చినను, దానికి తగిన విత్తు ఆ గాదెలోనుండి తీయవలసినదే. పొలము ఎండిన పిమ్మట గాదెలోని దానినే పొదుపుగా వాడుకొనవలెను. ముసలివారి గాదెలో పాత వ్యాధులను గుర్తుంచుకొన్న కణములు మెండు, క్రొత్తవి కొఱత. అందుచేతనే ఫ్లూ వచ్చినచో పిల్లలు నాలుగుదినములలో లేచి ఆడుకొందురు, తాతగారికి న్యుమోనియా పట్టును. చిన్నతనపు ఆటలమ్మ నాడులలో దాగియుండి వార్ధక్యమున సర్పియై పైకి వచ్చును. ఎన్నడో లోన అణగియున్న క్షయ మఱల తల యెత్తును. వేసిన టీకా సగము ఫలమే యిచ్చును. పైగా వయసు మీఱిన దేహమున వాపు నిప్పుకణిక వలె లోలోపల రాజుచుండును. అసలు శత్రువు వచ్చినప్పుడు మాత్రము జ్వరము తగినంత పుట్టదు.

ఇక కిరణముల సంగతి. 1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రంట్జెన్ పండితుడు ఎక్సు-కిరణములను కనుగొనెను. 1903లోనే హైనెకె అను జర్మను వైద్యుడు చిన్నజంతువులమీద ఆ కిరణములు ప్రసరింపజేసి, ప్లీహమునందలి లింఫుకణములు కొద్దిగంటలలో నశించుట చూచెను. దేహమున చాలకణములు విభజన పొందునప్పుడు మాత్రమే కిరణములకు లొంగును. లింఫుకణములు ఊరక యున్నప్పుడును లొంగిపోవును. ఒడలెల్ల గట్టిగా కిరణము సోకిన వానికి ఒకటి రెండు దినములలో ఆ కణముల లెక్క ఎంత తగ్గినదో చూచి, ఎంత సోకినదో వైద్యులు అంచనా కట్టుదురు. రేడియమును లోకమున కిచ్చిన మేరీక్యూరీ 1934 జూలై 4వ తేదీన కన్నుమూసినది. ఆమెకు వచ్చినది మూలుగ నెత్తురు పుట్టింపలేని వ్యాధి. ఎన్నో యేండ్లు కాపుదల లేక కిరణముల నడుమ పనిచేసిన ఫలమది.

1945 ఆగష్టు 6వ తేదీన హిరోషిమామీదను, 9వ తేదీన నాగసాకిమీదను అణుబాంబులు పడినవి. బ్రతికి బయటపడినవారి యారోగ్యమును పరిశీలించుటకు 1947లో నొక సంఘ మేర్పడెను. 1975నుండి ఆ పనిని జపాను అమెరికా దేశములు కలిసి నడపు సంస్థ చేయుచున్నది. దశాబ్దములు గడచిన పిమ్మట వారి నెత్తురు పరీక్షింపగా, హెచ్చుగా కిరణములు సోకినవారిలో క్రొత్త టి-కణములు తక్కువగాను, వాపును తెలుపు పదార్థములు ఎక్కువగాను కనబడినవి. పైన ముసలితనమునకు చెప్పిన లక్షణములే యివి! కాలము మెల్లమెల్లగా ఖాళీచేయు గాదెను కిరణములు వరదవలె వచ్చి ఒక్కసారి తడిపిపోయినవన్నమాట. ఆ భేదము స్వల్పమే యైనను అన్నియేండ్లు నిలిచియుండుట గమనింపదగినది. ముదిమియు కిరణమును ఒకే గాదెమీద పడును. ముదుసలికి కిరణచికిత్స యైనచో రెండును కలిసి పడును. మా యింట మేము తెలిసికొనక పోయినది ఈ యొక్క సంగతియే.

అట్లని కిరణచికిత్సకు వెఱచి మానుకొనవలెనని మా యభిప్రాయము కాదు. హిరోషిమాలో ఒడలెల్ల ఒక్కసారి కిరణములు సోకినవి. చికిత్సలో రోగమున్న చోటనే, దినమున కింతయని కొలిచి పెట్టుదురు. ఈ చికిత్సవలన బ్రతికి మనుమలనెత్తుకొన్న తల్లు లెందఱో కలరు. మన జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న దినములలో దీనికై మద్రాసు పోవలసియుండెను. అచ్చట బర్నార్డు సంస్థ 1934లో వెలసినది. 1954లో అడయారు క్యాన్సరు ఆసుపత్రిని స్థాపించిన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు తమ చెల్లెలిని ఆ వ్యాధికే కోల్పోయినవారు. హైదరాబాదున 1955లో మొదలైన ఆసుపత్రి నేడు మెహదీ నవాజ్ జంగ్ గారి పేర నడచుచున్నది. ఇప్పుడు విశాఖపట్టణమునను హోమీభాభా క్యాన్సరు ఆసుపత్రి కలదు. కావున చికిత్స మానవలదు. చికిత్స పిమ్మట కాపలా మఱవవలదు.

ఇక కొన్ని వృథాభయములు. బయటనుండి యంత్రముతో కిరణములు పెట్టించుకొన్న వారి యొంట ఏ కిరణమును మిగిలియుండదు. దీపమార్పిన పిమ్మట గదిలో వెలుగు నిలువనట్లే యంత్ర మాగిన క్షణముననే అవియు నాగిపోవును. లోపలినుండి పెట్టినను ఆ సాధనమును తీసివేసిన పిమ్మట అంతే. పసిపిల్లల నెత్తుకొనవచ్చును, ఒకే కంచమున తినవచ్చును. థైరాయిడు గ్రంథికై కిరణమిచ్చు అయొడీను మందు పుచ్చుకొన్నవారును, కిరణబీజములను లోపలనే ఉంచబడినవారును మాత్రము వైద్యుడు చెప్పిన దినములు పిల్లలకు, గర్భిణులకు దూరముగా నుండవలెను.

ఱొమ్మున కొక ఎక్సురే తీయించుకొన్నంత మాత్రమున వ్యాధిక్షమత తగ్గదు. నేలనుండియు ఆకాశమునుండియు సహజముగా మనిషికి సోకు కిరణము లోకమున సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. ఆ ఎక్సురే సుమారు 0.1 మాత్రమే. మన యాంధ్రతీరమున భీమునిపట్టణము మొదలైన చోట్ల ఇసుకలో మోనజైటను కిరణఖనిజము కలదు. కేరళమున కరునాగపల్లి తీరమున నట్టి యిసుకమీదనే తరతరములుగా నివసించువారిని పరిశీలింపగా, అందువలన క్యాన్సరు హెచ్చినట్లు కానరాలేదు. ఎంత సోకినది, ఎంతసేపటిలో సోకినది, ఒంట ఏ భాగమునకు సోకినది యనుట ముఖ్యము గాని, కిరణమను పేరు విని బెదరుట తగదు.

ఇప్పుడు గృహిణి చేయదగిన పనులు చెప్పెదము.

మొదటిది. ఇంట నొక జ్వరమాని ఉంచుకొనుడు. చేతితో నుదురు తాకి చూచుట చాలదు. చికిత్స పొందుచున్నవారికి, ఇటీవల పొందినవారికి 100.4 డిగ్రీలు కనబడిన తోడనే, పగలనక రాత్రియనక ఆసుపత్రికి తీసికొనిపొండు. జ్వరము మాత్ర వేసి తెల్లవాఱువఱకు చూతమనుకొనరాదు. జ్వరము లేకున్నను, చలి, వణకు, క్రొత్తగా వచ్చిన మతిమఱుపు, మగత, అన్నము వద్దనుట, తూలి పడుట, వీనిలో ఏది యున్నను జ్వరము వచ్చినట్లే భావింపుడు. ముసలివారు ఒక్కదినములో మారిపోయిరన్న అది చాదస్తము కాదు, వ్యాధి.

రెండవది. నెత్తురుపరీక్ష ఎప్పుడెప్పుడు చేయించవలెనో వైద్యుని అడిగి, పాలలెక్క వ్రాసికొను పుస్తకములోనే వ్రాసి పెట్టుకొనుడు. లింఫుకణములు మఱల కోలుకొనుటకు మాసములు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. చికిత్స ముగిసినదని జాగ్రత్త ముగియదు.

మూడవది టీకాలు. ఏటేట ఫ్లూటీకా, న్యుమోనియా టీకా, సర్పి రాకుండ జీవములేని టీకా పెద్దవారికి కలవు. వీలైనచో చికిత్సకు ముందే వేయించుట మేలు. ముందు కాకున్న ఎప్పుడు తగునో వైద్యుని అడుగుడు. సజీవమైన టీకాలు ఆ కాలమున తగవు. ఇంటిల్లిపాది ఫ్లూటీకా వేయించుకొనుట ముసలివారికి కోటగోడ వంటిది. మా యత్తగారికి వచ్చిన క్యాన్సరును చాలవఱకు రానీయని టీకా 9 మొదలు 14 యేండ్ల యాడపిల్లలకు కలదని తల్లులు మఱవకుందురు గాక.

నాల్గవది యాహారము. పథ్యమని పప్పు, పెరుగు, కూరలు మాన్పించి చారునీళ్లతో గడపుట మన యిండ్లలో పెద్ద దురాచారము. కణము పుట్టుటకు మాంసకృత్తు కావలెను. పప్పు, పాలు, కాచిన పాలతో తోడుపెట్టిన పెరుగు, తినువారికి బాగుగ ఉడికిన గ్రుడ్డు, చేప పెట్టుడు. అప్పుడు వండినది అప్పుడే పెట్టుడు. తెల్లకణములు తక్కువగా నున్న దినములలో చద్దియన్నము, బజారున కోసి అమ్ము పండ్లముక్కలు మానుడు. నీరు మరగించి చల్లార్చి యిండు. అప్పుడే కొట్టిన కొబ్బరిబొండము నీటికి భయము లేదు. వానకాలమున చెప్పులు లేక బురదలో నడువనీయకుడు. భోజనమైన పిమ్మట ఉప్పునీటితో నోరు పుక్కిలింపజేయుడు. శక్తికొలది పెరటిలో నడిపింపుడు.

ఐదవది. పేరు చెప్పని సూది, కాగితములో చుట్టియిచ్చిన కీళ్లనొప్పుల మాత్ర ముట్టకుడు. వానిలో స్టీరాయిడు మందుండుట కలదు. అది నొప్పిని మఱపించి కాపలాను నిద్రపుచ్చును. మంచి మందైనను తెలిసి వాడవలెను. రంట్జెన్ కిరణములను కనుగొన్న 1895లోనే మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనలనుండి క్యాన్సరునకు వాడు మెథోట్రెక్సేటు వెలువడినది. దానినే కొద్దిమోతాదున కీళ్లవాతమునకు వారమున కొకసారి యిత్తురు. పొరపాటున ప్రతిదినము మ్రింగిన మూలుగ నెండగట్టును. ముసలివారికి చీటి చదివి మాత్ర యిచ్చు బాధ్యత చదువు వచ్చిన కోడలిదే.

ఆఱవది. ముసలివారివలన పిల్లలకు భయము లేదు. పిల్లల జలుబువలన ముసలివారికే భయము. కావున దగ్గు పడిసెము ఉన్నవారే నాలుగుదినములు దూరముగా నుండి, మిగిలినవారు చేతులు కడుగుకొని వారి దగ్గఱ కూర్చుండుడు. మేము దీనిని తలక్రిందులుగా చేసితిమి. ఆమెను వెలివేసినట్లు వేఱుపెట్టి, బడినుండి దగ్గుచు వచ్చిన పెద్దవానిచేత అన్నము పంపుచుంటిమి!

యయాతి మహారాజు శుక్రుని శాపమున వచ్చిన ముదిమిని తన కుమారులలో నెవరైన పుచ్చుకొందురా యని అడుగగా, పూరుడొక్కడే సమ్మతించినట్లు భారతమున వింటిమి. ఆ కథ చిన్ననాడు మా తండ్రిగారియొద్ద చదువుకొన్నప్పుడు, పూరునివలె చేయుట మానవమాత్రులకు సాధ్యమా యనుకొంటిమి. ముదిమిని పుచ్చుకొనుట నేటికిని సాధ్యము కాదు. ఆ ముదిమిలో తఱిగిపోయిన కాపలా మాత్రము ఇంటివారు పుచ్చుకొనవచ్చును. ఆమె దేహము చేయలేని హెచ్చరిక మన కన్నులు చేయవలెను.

ఆసుపత్రినుండి వచ్చిననాటి రాత్రి మా యత్తగారు వేఱుకంచమున కోసము చూచిరి. దానిని మేము అటకమీద పెట్టివేసితిమి. "పిల్లలకు ఏమీ కాదత్తయ్యా, డాక్టరమ్మను అడిగి వచ్చాను" అని చెప్పితిమి. చిన్నవాడు చేతులు కడుగుకొని వచ్చి ఆమె ప్రక్కన కూర్చుండెను. ఆమె మొదటి ముద్ద వానికే పెట్టిరి.